పిడికెడు బియ్యం

సంపాదకులు గారికి,

ఒంగోలులో మా వీధి చర్చి స్త్రీల సమాజం అక్కలు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం అన్నీ గోతంలో కుమ్మరిస్తారు. సన్నాలు, కోటా బియ్యం కలిసిపోతాయి కాబట్టి అన్నం ఒక్కతీరుగా ఉడకదు, వండేవాళ్లకు అదే పెద్ద అవస్థ. ఆసుపత్రి బయట రోగుల తాలూకు వాళ్లకు పప్పుచారుతో వడ్డిస్తారు. నేను గుడికి వెళ్లే మనిషిని. మా ఆయన మంచంలో ఉన్నప్పుడు నేనూ ఆ వరుసలో తిన్నాను. మతం ఎవరూ అడగలేదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశారు.

ఇప్పుడు వడ్డన ఎండలోనే. అధికారులు అక్కడ రేకుల షెడ్డు, మంచినీళ్ల కుళాయి వేయించాలి.

- ఒక కుట్టుపని మహిళ, ఒంగోలు