కారు షెడ్డు గచ్చుకు పూత వేసేముందు నేలలో తేమ చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు కారు షెడ్డులో కాంక్రీటు గచ్చు పోయించి, నెల తిరగ్గానే దాని మీద గట్టి ప్లాస్టిక్ పొరలా ఆరే ఎపాక్సీ పూత వేయించుకోవడం మా భీమవరం వైపు ఈమధ్య ఎక్కువైంది. అద్దంలా మెరిసే నేల ఎవరికైనా నచ్చుతుంది. మాకూ నచ్చింది, వేయించుకున్నాం, నష్టపోయాం. కాలువల పక్కన, చెరువుల మధ్య ఇళ్లు కట్టుకునే మాబోటి వాళ్లకు ఆ అనుభవం పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పూత వేసిన దుకాణం వారు 28 రోజులు ఆగమంటే ఆగాం. గచ్చులో తేమ ఉందో లేదో చూడటానికి అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో నేలకు అతికించి రాత్రంతా ఉంచితే, పొద్దున షీటు అడుగున చెమ్మ లేదు. అయితే అది మే నెల, కాలువలు కట్టేసిన రోజులు. కాలువలకు నీళ్లు వదిలి, వానలు పట్టుకుని, శ్రావణం వచ్చేసరికి పూత మీద రూపాయి బిళ్లంత బొబ్బలు లేచాయి. ఒకదాన్ని గోటితో గిల్లి చూస్తే లోపల నీళ్లున్నాయి, ఊడివచ్చిన పూత వెనక సిమెంటు పొర పలుచగా అంటుకుని ఉంది.

నీళ్లకు కారణం, గచ్చు పోసేముందు ఇసుక మీద దళసరి పాలిథిన్ షీటు పరచకపోవడం. ఆ 28 రోజుల లెక్క కాంక్రీటు బలానికి సంబంధించినదే తప్ప, కింది నుంచి ఎక్కే తేమకు దానితో పని లేదు. సిమెంటు పొర ఊడిరావడానికి కారణం వేరు. పోసిన కాంక్రీటు మీద నీళ్లు తేలి ఉండగానే మేస్త్రి పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా తోమాడు. చూడటానికి బాగుంటుంది గానీ, ఆ పైపొరకు బలం ఉండదు, పూతను పట్టుకోలేదు. పైన తేలిన నీరు ఇంకేదాకా ఆగి, చెక్కతో తోమి, చీపురుతో సన్నటి గీతలు పెట్టించి ఉంటే గచ్చు గట్టిగా ఉండేది, వానలో తడిసి వచ్చిన స్కూటరు జారేదీ కాదు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు రోజులు మడి కట్టి నీళ్లు నిలపాలి. మా మేస్త్రి అయిదో రోజునే మడి తీసేశాడు, మేమూ పట్టించుకోలేదు.

ఇటువంటి నేలకు పైన పొరలా నిలిచే ఎపాక్సీ, ఆక్రిలిక్ పూతల కన్నా కాంక్రీటులోకి ఇంకే సైలేన్-సైలాక్సేన్ సీలరు మేలని నా అభిప్రాయం. అది పైనుంచి పడిన నీటిని లోపలికి పోనివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం బయటికి వదులుతుంది కాబట్టి బొబ్బ లేవడానికి అక్కడ పొరే ఉండదు. మెరుపు రాదు, ఇంజను ఆయిలు మరకను పూర్తిగా ఆపదు. కారిన వెంటనే రంపపు పొట్టు చల్లి ఎత్తెయ్యాలి. గచ్చు నుంచి దుమ్ము లేస్తుంటే సిలికేటు ద్రావణం పట్టించవచ్చు. అది కాంక్రీటులోని సున్నంతో కలిసి పైభాగాన్ని గట్టిపరుస్తుంది. ఏది వేసినా ముందు నాలుగు చుక్కల నీళ్లు పోసి చూడాలి. ఇంకకుండా ముత్యాల్లా నిలిస్తే ఏ సీలరూ లోపలికి దిగదు.

ఎపాక్సీయే కావాలనుకునేవారు యాసిడ్‌తో కడిగి సరిపెట్టకుండా మెషిన్‌తో పైపొర గీయించాలి. ఎండ పడే షెడ్డయితే పైన పాలీయురేథేన్ కోటింగు ఉండాలి, లేకుంటే ఎపాక్సీ పసుపెక్కుతుంది. ప్లాస్టిక్ షీటు పరీక్ష మాత్రం వేసవిలో ఒకసారి చేసి ఊరుకోకుండా, కాలువలు నిండుగా పారే రోజుల్లో మళ్లీ చేయాలి. మేము ఆ రెండో పరీక్ష పూత ఊడిన తర్వాత చేశాం. షీటు అడుగున నీటి బొట్లు వరుసగా పట్టి ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భీమవరం