ఒకే ఏడో ఫ్రెట్, మూడు పాటలు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఎలక్ట్రిక్ గిటార్ సోలోల (పాటలో గిటార్ ఒక్కటే ముందుండి వాయించే భాగాల) మీద వచ్చిన వ్యాసం చదివాం. రాక్ సంగీతానికి తెలుగు పత్రికలో ఒక పేజీ దక్కడమే సంతోషం. అయితే పాటల్ని వరస పెట్టిన తీరు చూస్తే, సెకనుకు ఎన్ని స్వరాలు పడ్డాయన్నదే కొలత అన్నట్టుంది. ఆ కొలతకి బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ ఆనలేదు, జాబితాలో ఆయన పేరే లేదు. ‘ఎరప్షన్’ (1978) మొదటి స్థానంలో ఉంది. నిమిషం నలభై సెకన్ల ఆ ముక్కలో ఎడ్డీ వాన్ హేలెన్ కుడిచేతి వేళ్ళని కూడా ఫ్రెట్ల (గిటార్ మెడ మీది లోహపు పట్టీల) మీదికి తెచ్చి చేసిన పని గొప్పదే. కాదనం. కానీ గిటార్ నేర్చుకునేవాళ్ళు ఆ జాబితాని పై నుంచి కిందికి సాధన చేస్తే వేళ్ళు పరిగెడతాయి గాని శృతి నిలవదు.

ఒక చిన్న పరీక్ష చెబుతాం. బి.బి. కింగ్ ‘ద థ్రిల్ ఈజ్ గాన్’ (1969), ఈగల్స్ బృందం ‘హోటల్ కాలిఫోర్నియా’ (1976), పింక్ ఫ్లాయిడ్ బృందం ‘కంఫర్టబ్లీ నంబ్’ (1979) చివరి సోలో. మూడూ బి మైనరే, అంటే మూడింటికీ ‘బి’ అనే స్వరమే షడ్జమం. ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) 7వ ఫ్రెట్ మీద షడ్జమం పెట్టుకుంటే మూడింటికీ పునాది దొరుకుతుంది. చెయ్యి కదపకుండా వేళ్ళకి అందే ఆ చోటులో (గిటార్ వాళ్ళ మాటలో ‘బాక్స్’) ఉండేవి అయిదే స్వరాలు, స గ మ ప ని, అచ్చంగా మన శుద్ధ ధన్యాసి రాగం. అయినా మూడు పాటలకీ ఒకదానితో ఒకదానికి పోలిక ఉండదు. ఎందుకుండదో తెలిస్తే సోలో అంటే ఏమిటో సగం తెలిసినట్టే.

ముందు తీగ లాగడం సంగతి. మూడో తీగ 9వ ఫ్రెట్ మీద మధ్యమం ఉంటుంది. దాన్ని పైకి తోస్తే సరిగ్గా 11వ ఫ్రెట్ దగ్గరి పంచమం పలకాలి. ముందు 11వ ఫ్రెట్ నొక్కి ఆ పంచమాన్ని చెవిలో పెట్టుకుని, తర్వాత 9కి వచ్చి లాగి సరిచూసుకోవాలి. ఉంగరపు వేలు ఒక్కటే తోస్తే స్వరం దారిలోనే ఆగిపోతుంది. దాని వెనక మధ్యవేలు, చూపుడువేలు కూడా తీగ మీద ఆనాలి, బొటనవేలు మెడ పైకి రావాలి, బలం మణికట్టు తిప్పడంలోంచి రావాలి. కొత్తవాళ్ళ సోలో అపశృతిగా వినపడితే పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే. బొబ్బిలి వీణ మీద తీగని పక్కకి లాగి గమకం పలికించేవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు.

బి.బి. కింగ్ షడ్జమాన్ని రెండో తీగ 12వ ఫ్రెట్ మీద పెట్టుకుని చుట్టూ నాలుగైదు స్వరాలతో సరిపెట్టుకుంటాడు. గిటార్ వాళ్ళు ఆ చోటుని ఆయన పేరుతోనే పిలుస్తారు. చూపుడువేలు తీగ మీద నిలిచి ఉంటుంది, బొటనవేలు మెడని వదిలేస్తుంది, చెయ్యి మొత్తం తేనెపిట్ట రెక్కలా అల్లాడుతుంది. ఆ కంపనమే ఆయన సంతకం. పాట పన్నెండు బార్లది (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది), వాటిలో పడే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఇవి: బి మైనర్ నాలుగు, ఇ మైనర్ రెండు, మళ్ళీ బి మైనర్ రెండు, జి ఒకటి, ఎఫ్ షార్ప్ సెవెన్ ఒకటి, చివర బి మైనర్ రెండు. పాడేటప్పుడు ఆయన గిటార్ ఊరుకుంటుంది, నోరు ఆగాకే గిటార్ బదులు చెబుతుంది. సాధన చేసేటప్పుడు ఆ ఖాళీల్ని కూడా లెక్కపెట్టండి.

‘హోటల్ కాలిఫోర్నియా’లో డాన్ ఫెల్డర్, జో వాల్ష్ వంతులవారీగా వాయించి చివరికి జంటగా కలుస్తారు. ఇక్కడ అయిదు స్వరాలతో పని జరగదు. ఎఫ్ షార్ప్ సెవెన్ కార్డు పడ్డప్పుడు కైశికి నిషాదం పట్టుకుని కూర్చుంటే గరుకుగా తగులుతుంది. మొదటి తీగ మీద 7 నుంచి ఒక్క ఫ్రెట్ వెనక్కి, 6వ దానికి రావాలి, అంటే కాకలి నిషాదం. ఆ క్షణంలో పాట కీరవాణి రాగం వాసన వేస్తుంది. ఇది ముందే కట్టుకున్న సోలో. కృతిలాగా ఉన్నదున్నట్టు నేర్చుకోవాలి.

‘కంఫర్టబ్లీ నంబ్’లో డేవిడ్ గిల్మోర్‌ది వేరే దారి. అయిదారు సార్లు తోచినట్టు వాయించి, బాగున్న ముక్కలు ఏరి ఒక్కటిగా కూర్చాడు. పాట వేగం నిమిషానికి సుమారు 64 మాత్రలు. డిలే పెడల్ (ప్రతిధ్వని పుట్టించే పరికరం) వాడేవాళ్ళు 470 మిల్లీసెకన్ల దగ్గర పెట్టుకుంటే ప్రతిధ్వని సగం మాత్రకి సరిగ్గా పడుతుంది. ఎక్కువ పెడితే సోలో బురదైపోతుంది.

హెవీ మెటల్ అనే గట్టి రాక్ గురించి క్లుప్తంగానే. ఆజీ ఆస్బోర్న్ బృందంలోని గిటారిస్టు రాండీ రోడ్స్ తన సోలోల్ని అదే వరసలో రెండు మూడు సార్లు వాయించి ఒకదాని మీద ఒకటి రికార్డు చేసేవాడు. ఒక్కో స్వరం ఎంత స్థిరంగా మనసులో ఉంటే అది కుదురుతుందో ‘మిస్టర్ క్రౌలీ’ (1980) విన్నవాళ్ళు ఆలోచించాలి. దాన్ని ఒట్టి వేగం అనడం అన్యాయం.

ఇక మన బరంపురం ప్రాంతానికి సంబంధించిన మాట. దుకాణంలో గిటార్ తీగలంటే చాలాసార్లు అకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని చెక్క గిటార్) తీగలే చేతిలో పెడతారు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కదలికని పట్టే పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది, కంచు చుట్టిన తీగలని సరిగ్గా పట్టదు. సన్న తీగలు గట్టిగా, లావు తీగలు నీరసంగా మోగుతాయి. ప్యాకెట్ మీద నికెల్ అని, 9-42 (తీగల మందం) అని ఉన్నవి అడిగి తీసుకోండి, లాగడానికి తేలిక. గోపాలపూర్ సముద్రతీరం వైపు ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో కిందా మీదా తుడవాలి. లాగిన ప్రతిసారీ శృతి జారుతుంటే శృతి బిగించే మీటలని అనుమానించకముందు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో పెన్సిల్ ములుకు రుద్ది చూడండి, తీగ అక్కడ పట్టేస్తుండొచ్చు.

ఠాకురాణీ యాత్రకో (మా ఊరి అమ్మవారి జాతర), దసరా పందిరికో వాయించేవాళ్ళు ఆంప్‌కి (గిటార్ శబ్దం పెంచే పెట్టెకి) మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు ఉన్నాయో లేదో చూసుకోకుండా మైకుకి పెదవి ఆనించొద్దు. 1972లో స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్తు లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు.

మీకు ఒక్క మనవి. ఈసారి పాటల పేర్లు వేసినప్పుడు పక్కనే శృతి కూడా వేయండి. ‘స్వీట్ చైల్డ్ ఓ మైన్’ (1987) గిటార్లు అర మెట్టు దించి శృతి చేసినవి, ‘ఎరప్షన్’ కూడా అంతే. ఆ ముక్క రాయకపోతే, మామూలు శృతిలో ఉన్న గిటార్‌తో రికార్డు పక్కన వాయించే కుర్రాడు తప్పు తన చెవిదే అనుకుంటాడు. ఆరు తీగలూ ఒక్కో ఫ్రెట్ కిందికి దించితే సరిపోతుంది.

ఇట్లు,
కొందరు గిటార్ నేర్పేవాళ్ళు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా