గుట్ట ఎక్కి ఫోన్ చెయ్యి

అబ్బయ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. ఉదయగిరిలో వాన లేదు గానీ మబ్బు మాత్రం రోజూ కొండ మీదికొచ్చి చూసి పోతోంది. నల్ల మేక ఈనింది, రెండు పిల్లలు. దోర్నాల వైపు వచ్చేవాళ్లు దొరికితే పంపాలని మీ అమ్మ ఆవకాయ కట్టి పెట్టింది. నువ్వు ఫోన్ చేసి పద్దెనిమిది రోజులైంది. అక్కడ సిగ్నల్ ఉండదని తెలుసు, గుట్ట ఎక్కితే వస్తుందనీ తెలుసు.

మొన్న చిన్నత్త కొడుకు వచ్చి, తిరునాళ్లలో మీ రూము పిల్లకాయలు ఆరుగురూ పచ్చబొట్లు పొడిపించుకున్నారని నవ్వుతూ చెప్పాడు. బొమ్మ గురించి కాదు నా బాధ, మీ అవ్వకు చేతుల నిండా పచ్చబొట్లే. పొడిచినవాడు ఒక్కొక్కరికీ సూది మార్చాడా లేదా?

నేను షాపు పెట్టిన కొత్తల్లో అందరికీ ఒకటే కత్తి. తెగితే పటిక రుద్దడం, డెటాల్ నీళ్లలో ఒక ముంచు ముంచడం, తరువాతి మనిషిని కూర్చోబెట్టడం. ఆదివారమైతే నలభై గడ్డాలు. మన వెంగన్నకు కామెర్లొస్తే పసరు తాగించారు, చేతికి వాత పెట్టించారు, ఉప్పులేని మజ్జిగన్నం పెట్టారు, కళ్లు తెల్లబడగానే పసరు పనిచేసిందన్నారు. కొన్నేళ్లకు పొట్ట ఉబ్బితే నెల్లూరు తీసుకుపోయాం. హెపటైటిస్ బి అనే వైరస్ పట్టి లివర్ గట్టిపడిపోయిందన్నారు. ఎట్లా అంటుకుందని వదిన అడిగితే డాక్టరు వరసగా చెప్పాడు: వాడిన సూదులు, ఆడామగా కలయిక, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు, ఆఖర్న మంగలికత్తి. నేను పక్కనే నిలబడి ఉన్నా. నన్నెవరూ ఏమీ అనలేదు. కానీ ఇరవై ఏళ్లు వాడి గడ్డం గీసింది నేనే కదా. ఊరికొచ్చిన సాయంత్రమే ఆ కత్తి పారేసి బ్లేడు మార్చేది కొన్నా. ఎండిన నెత్తురు మరకలో కూడా ఆ వైరస్ ఏడు రోజులు బతుకుతుందట, ఇంక నా డెటాల్ ముంచుడు ఏ మూలకు?

నువ్వు 2000లో పుట్టావు. పసిపిల్లలకు ఈ హెపటైటిస్ బి టీకా దేశమంతా సర్కారు వాళ్లు వేయడం 2011 నుంచి. ట్రంకుపెట్టెలో నీ కార్డు తీసి చూశా, పడలేదు. మూడు సూదులు: ఇప్పుడొకటి, నెల తరువాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. ఆలస్యం చెయ్యొద్దు. ఆ వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ అని రక్తపరీక్ష ఉంది, అదీ చేయించు. పొడిపించుకున్న కొత్తల్లో తేలకపోవచ్చు, రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. జ్వరమని సూది వేయించుకునేటప్పుడు కొత్త సిరంజి నీ కళ్ల ముందే చింపి తీయమను, మొహమాటం వద్దు. మీ ఆరుగురికీ ఒకటే రేజరని విన్నా, అది మానెయ్యండి. కలిసి తింటే రాదు, భుజాన చెయ్యేస్తే రాదు, ఎవరికైనా ఉందని తేలినా వాణ్ణి వేరు పెట్టొద్దు.

ఇంకోటి, నాయన రాయకూడనిది. కండోమ్ లేకుండా ఎక్కడా... సరే, అర్థమైందిగా. మీ అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క దాటేస్తా.

ఆవకాయతో పాటు ఆరు రేజర్లు పెట్టా, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసుకోండి. జాడీ మూతకు గుడ్డ కట్టా, పక్కకు పడుకోబెట్టొద్దు, నూనె కారుతుంది. రేపు పొద్దున గుట్ట ఎక్కు.

నాయన