ఇల్లు దొరికింది, మీ అందరి పుణ్యమా అని

మొన్న సంతకాలు అయిపోయాయి, తాళాలు చేతికొచ్చాయి. లా స్కూల్లో సీటు వచ్చిందన్న సంతోషం నాకు రెండు రోజులే మిగిలింది. మూడో రోజు నుంచి ఎక్కడుండాలన్న టెన్షనే. నగరం కొత్త, ఏరియాల పేర్లు కూడా సరిగ్గా పలకడం రాదు. కనిపించినవాళ్లనల్లా అడిగాను. విసుక్కోకుండా చెప్పినవాళ్లు ఉన్నారు, పని మానుకుని నాతో తిరిగినవాళ్లూ ఉన్నారు. పేర్లు రాస్తే మొహమాటపడతారు, అందుకే రాయట్లేదు. ఎవరి సాయం ఏదో చదివితే మీకే తెలిసిపోతుంది.

ముందుగా మూడో ఏడాది చదువుతున్న అక్కకు. అప్పటికే నేను కాలేజీ గేటుకు ఎదురుగా ఒక గది చూసుకుని, అడ్వాన్స్ ఇచ్చేద్దామని కూర్చున్నాను. రెండు నిమిషాల నడక, ఇంకేం కావాలి! అక్క ఒకటే అడిగింది: "ఎన్నింటికి చూశావు?" పగలు పదకొండింటికి అన్నాను. "రాత్రి పదకొండింటికి కూడా చూద్దాం పద" అని తనే వెంట వచ్చింది. చుట్టూ కోర్టులు, ఆఫీసులు. పగలైతే కాలు పెట్టే సందుండని వీధి. ఆ వేళకు షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. లైబ్రరీ నుంచి ఆ బిల్డింగ్ దాకా నడిస్తే మాకు ఒక్క మనిషి ఎదురుపడలేదు. ఆఫీసుల మధ్య ఉండే కాలేజీ అంటే అంతే కదా, పని వేళ అయిపోగానే ఆ ప్రాంతమే ఖాళీ అయిపోతుంది. సెలవు రోజుల్లో మరీను. "వెళ్లే దారి అందరూ చూసుకుంటారు, తిరిగొచ్చే దారి ఎవరూ చూడరు" అంది. ఇంటికెళ్లి నా లిస్టులో సగం కొట్టేశాను.

శబ్దం సంగతి చెప్పిన అన్నకు కూడా థాంక్స్, మొదట నేను నవ్వినందుకు సారీ. లా చదువులో ఎక్కువ భాగం క్లాసులో కాదు, ఇంట్లో జరుగుతుందని ఆయన వాదన. తీర్పులు ముందే చదువుకుని వెళ్లాలి, క్లాసులో వాటి మీద ప్రశ్నలు పడతాయి. 1870లో హార్వర్డ్ లా స్కూల్ డీన్‌గా వచ్చిన లాంగ్‌డెల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ చాలా లా స్కూళ్లలో నడుస్తోంది. అంటే నాకు నిశ్శబ్దమైన గది కావాల్సి రావడం ఆ మహానుభావుడి చలవే! పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పిందట. నాకు బాగా నచ్చిన ఒక గదిలో అన్న ఫోన్ తీసి కొలిస్తే, కిటికీలు మూసినా 50 పైనే చూపించింది. ఫోన్ కొలత అంత కచ్చితం కాదనుకోండి. అయినా కింద సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల మోత వినడానికి యాప్ అక్కర్లేదు.

రోజూ దూరం నుంచి ఉద్యోగానికి వెళ్లొచ్చే ఒక పెద్దావిడ చెప్పింది చిన్న మాటే: కిలోమీటర్లు కాదు, ఎన్నిసార్లు దిగి ఎక్కాలో లెక్కపెట్టుకో అని. మధ్యలో ఒకసారి మారితే ఇరవై నిమిషాలు, నేరుగా పోతే ముప్పై. నేను నేరుగా పోయేదే తీసుకున్నాను. కూర్చోవడానికి సీటు దొరికితే ఆ ముప్పై నిమిషాల్లో ఒక తీర్పు చదివేయొచ్చు. చివరి బండి ఎన్నింటికో కూడా రాసిపెట్టుకోమన్నారు. రాసుకున్నానండీ.

ఒక్క విషయంలో మాత్రం మీలో కొందరి మాట వినలేదు, ఏమీ అనుకోవద్దు. అందరూ లా వాళ్లే ఉండే ఫ్లాట్‌లో చేరమన్నారు, కలిసి చదువుకోవచ్చని. నిజమే. కానీ పరీక్షల ముందు ఇల్లంతా ఒకే భయంతో ఉంటే నాకు నిద్ర పట్టదు. అందుకే నాతో ఉండబోయే ఇద్దరికీ కోర్టు అంటే సినిమాల్లో చూసిందే.

ఇక అన్నిటికంటే పెద్ద సాయం. అగ్రిమెంట్ నేను చదవలేదు. లాయర్ కాబోతున్న మనిషిని, పేజీలు తిప్పి సంతకం ఎక్కడ అని చూస్తున్నాను! కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన బాబాయి గారు కాగితం లాక్కుని, నాలుగో పేజీలో వేలు పెట్టారు. "జాయింట్ అండ్ సెవరల్" అని ఉంది. అంటే ముగ్గురం కలిసి బాధ్యులమే, విడివిడిగా కూడా మొత్తానికి బాధ్యులమే. ఒకరు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే, వాళ్ల వాటా అద్దె నా ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. "ఇది నీకు మొదటి ఏడాది కాంట్రాక్ట్స్ క్లాసులో ఎలాగూ చెప్తారు, కానీ ఈలోపే నీ మీద ప్రయోగం అయ్యేలా ఉందమ్మా" అన్నారు. ఓనర్‌తో ఆయనే మాట్లాడారు. గొడవ పెట్టుకోలేదు, గొంతు కూడా పెంచలేదు. ఎవరి గదికి వాళ్లు వేరుగా సంతకం చేసేలా ఒప్పించారు. మధ్యలో ఖాళీ చేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, డిపాజిట్‌లో దేనికి కోస్తారో కూడా రాయించారు. తాళాలు తీసుకున్న రోజే గోడలకూ కుళాయిలకూ తేదీ పడేలా ఫోటోలు తీసి, ఓనర్‌కు పంపమన్నారు. మొత్తం 43 ఫోటోలు పంపాను బాబాయి గారూ, ఆయన ఒక్క దండం బొమ్మతో సరిపెట్టారు.

చూడకముందే డబ్బు కట్టమన్న ఏజెంట్ గురించి రాయడం దండగ. ఆ రోజు ఫోన్ పెట్టేయమని చెప్పిన స్నేహితురాలికి మాత్రం రుణపడి ఉన్నాను.

తిరిగిన ఇళ్లన్నిటి వివరాలు, ఎందుకు వద్దనుకున్నానో సహా, ఒక నోట్‌బుక్‌లో ఉన్నాయి. వచ్చే ఏడాది చేరేవాళ్లు ఎవరైనా అడిగితే ఇస్తాను, చేతిరాత భరించగలిగితే. అక్కా, ఆ రాత్రి నువ్విచ్చిన టార్చిలైట్ ఇంకా నా సంచిలోనే ఉంది. సామాను సర్దుతుంటే బయటపడింది. సోమవారం లైబ్రరీకి తెచ్చిస్తాను.