సచివాలయం సిబ్బందికి: ఏపీకే ఫైళ్లు, విండోస్ 10
అందరికీ నమస్కారం. పీఎం కిసాన్, ఆర్టీఓ చలానా పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) తిరుగుతున్నాయి. తెలిసిన నంబరు నుంచి వచ్చినా తెరవకండి. ఆ ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండొచ్చు. ఇన్‌స్టాల్ చేసి అనుమతులిస్తే మన మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాళ్లు చదివేస్తారు. మన ఫోన్లలో పింఛనుదారుల వివరాలు కూడా ఉంటాయి, నా భయమంతా వాళ్ల గురించే. పాపం, ఆ పెద్దవాళ్లు మనల్ని నమ్మి వేలిముద్ర వేస్తున్నారు. దయచేసి ఆధార్ కాపీలు ఈ గ్రూపులో పెట్టకండి.

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీ సిస్టమ్ ఇంకా అందులోనే ఉంటే నాకు చెప్పండి, పై ఆఫీసుకు రాస్తాను.

ఎవరికైనా డబ్బు పోతే సిగ్గుపడి ఆగొద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.