బోరు నీళ్ళ ఊరివాడికి నచ్చిన జపాను బొమ్మల కథ

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కింద మీ ఉత్తరాల పేజీలో ఒక తల్లి అడిగారు. పదో తరగతి పరీక్షలు రాసిన కొడుకు ఫోను వదలడం లేదు, లోకం నాశనమైపోయే కథలంటే చెవి కోసుకుంటాడు, అలాంటివి పుస్తకాల్లో ఏమైనా ఉన్నాయా అని. ఎవరూ జవాబు రాసినట్టు కనపడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, రిటైరై ఒంగోల్లో ఉంటున్నాను. బొమ్మల పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత ఆ మాత్రం ఉందనుకుంటాను.

పుస్తకం పేరు ‘నౌసికా ఆఫ్ ద వ్యాలీ ఆఫ్ ద విండ్’. జపాను వాళ్ళు మాంగా అంటారే, అది. కథా బొమ్మలూ రెండూ అక్కడి కార్టూను సినిమాల దర్శకుడు హయావో మియజాకివే. ఏడు పుస్తకాలు. నేను చదివింది ఇంగ్లీషు అనువాదం. కథ పూర్తయిపోయింది, ఇంకా రావలసింది ఏమీ లేదు.

పూర్తయిందని అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా తరం సీరియళ్ళ చేతిలో దెబ్బలు తిన్న తరం. నలభై వారాలు చదివాక పత్రికే మూతపడేది. పడవ మునుగుతుండగా ‘సశేషం’ అని వదిలేసిన ఒక కథానాయిక ఒడ్డు చేరిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. మియజాకి ఈ కథను 1982 ఫిబ్రవరిలో ఒక మాసపత్రికలో మొదలుపెట్టారు. సినిమాలు తీయడానికని మధ్య మధ్య నెలల తరబడి ఆపారు. ఆపినప్పుడల్లా మళ్ళీ వచ్చి, 1994 మార్చిలో ముగించారు. మొదటి సంచిక కొన్న ఒకటో తరగతి పిల్ల కాలేజీకి పోయే వయసొచ్చేదాకా సాగిందన్నమాట.

ఈ పుస్తకాలు మా ఇంటికి రావడం యాదృచ్ఛికం. విజయవాడలో ఇంటర్ చదివే మా మనవడు కిందటి వేసవిలో బ్యాగుతో సహా మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. నేను అలవాటు ప్రకారం ఎడమ అట్ట తెరిచి పది పేజీలు చదివాను. జనం ముందు ఏడ్చి తర్వాత దెబ్బలు తింటున్నారు. ఇదేం కథ అనుకుని ఫోను చేస్తే వాడు నవ్వు ఆపుకోలేక, “తాతయ్యా, అది ఎనక నుంచి చదవాలి, కుడి నుంచి ఎడమకి” అన్నాడు. కొత్తవాళ్ళకు ఇది మొదటి జాగ్రత్త. గళ్ళు కూడా కుడి నుంచే వరస.

కథ ఇదీ. మనుషులు పెద్ద పెద్ద యంత్రాలు కట్టి, ఆఖరికి ఏడు రోజుల అగ్నియుద్ధంలో అన్నీ తగలబెట్టుకుని వెయ్యేళ్ళయింది. మిగిలిన నేల మీద బూజు చెట్ల అడవి పాకుతూ వస్తుంటుంది. దాని గాలి విషం, ముసుగు లేకుండా పీలిస్తే నిమిషాల్లో ఊపిరితిత్తులు పోతాయి. అందులో ఏనుగుల్ని మించిన పురుగులు. సముద్రపు గాలి వీచే పుణ్యాన ఒక చిన్న లోయ మాత్రం బతికి ఉంది. ఆ లోయ దొర కూతురు నౌసికా. పురుగులంటే అందరికీ భయం, ఆ పిల్లకు ప్రేమ. పేరు గ్రీకుల ఒడిస్సీలో ఓడ పగిలి ఒడ్డున పడినవాణ్ణి ఆదుకున్న రాకుమారిది. పురుగుల్ని ప్రేమించే గుణం జపాను పాత కథలో ఇంకో అమ్మాయిది. రెంటినీ కలిపి ఈ పిల్లను చేశానని ఆయనే చెప్పుకున్నారు.

మొదటి పుస్తకంలో ఒకచోట ఆగిపోయాను. నౌసికా కోట కింద ఒక రహస్యపు గదిలో ఆ విషపు అడవి మొక్కల్నే పెంచుతుంటుంది. అవి విషం కక్కవు. ఎందుకంటే వాటికి పోసేది పెద్ద గాలిమర భూమి లోతుల్లోంచి తోడిన మంచి నీళ్ళు. చెట్టులో దోషం లేదు, పైనున్న నేలలోనే విషముంది.

మాది కనిగిరి వైపు. సర్వీసులో సగం ఆ చుట్టుపక్కల బళ్ళలోనే గడిచింది. అక్కడ కథ తిరగబడి ఉంటుంది. పైన ఎర్రటి నేల చూడ్డానికి బాగానే ఉంటుంది, విషం కిందనే. మా వీధి బోరు ఎండినప్పుడల్లా ఇంకో వంద అడుగులు దింపేవారు. నీళ్ళు పడేవి, పిల్లల పళ్ళు గారపట్టేవి. పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడు తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకాల్లో ఉంటుంది. మా పిల్లల నోళ్ళు చూస్తే ఎంత దాటిందో కొలవక్కర్లేదు. ఏడో తరగతిలో నవ్వుతున్న మనిషి బొమ్మ వెయ్యమంటే క్లాసు క్లాసంతా మూతి మూసుకుని నవ్వే బొమ్మలే వేసేవాళ్ళు. ఒక్క పన్ను గీసినవాడు లేడు. మొదట్లో పళ్ళు గీయడం రాదేమో అనుకుని బోర్డు మీద నేర్పాను కూడా! తెలివితక్కువ పని.

ఇదే కథను మియజాకి 1984లో సినిమాగా తీశారు. అందులో లోయలోని ముసలాళ్ళు రాయిలా బిగుసుకుపోతున్న తమ చేతులు శత్రువులకు చూపిస్తారు. అడవి జబ్బు అది. ఇవి కష్టపడే చేతులు, అందంగా ఉన్నాయని మా దొర కూతురు అంటుంది అని చెబుతారు. మా పెదనాన్న ఆఖరి రోజుల్లో వేళ్ళు మడవలేక చెంబు రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తేవాడు. ఆ చేతులు బాగున్నాయని ఆయనతో ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

మినమాట అఖాతంలో ఒక ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల్లోంచి మనుషుల్లోకి వెళ్ళిన సంగతి జపానంతా ఎరిగిందే. 1956లో దానివల్ల వచ్చిన జబ్బును అధికారికంగా గుర్తించారు. జనం చేపలు పట్టడం మానేశాక ఆ నీళ్ళలో చేపలు తెగ పెరిగాయని విని తనకు ఒళ్ళు జలదరించిందని, ఈ అడవి ఆలోచనకు అదీ ఒక మూలమని మియజాకి చెప్పారు. అందుకే ఇది ఎక్కడో ఊహాలోకంలో జరిగినట్టు నాకు అనిపించలేదు.

సినిమా ముందు చూడొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అది మొదటి రెండు పుస్తకాల కథ దగ్గరే ఆగుతుంది. మంచి సినిమానే, కానీ చూసినవాళ్ళు కథ తెలిసిపోయిందనుకుంటారు. అసలు మెలిక ఏడో పుస్తకంలో ఉంది. అది నేను చెప్పను.

లోపాలు లేకపోలేదు. ఒక్కో పేజీలో పదేసి గళ్ళు, చీమల బారులా గీతలు, నా కళ్ళకు భూతద్దం కావలసి వచ్చింది. తొరుమేకియా, దొరోక్ అని రెండు రాజ్యాల యుద్ధం మూడు, నాలుగు పుస్తకాల్లో విసుగు పుట్టిస్తుంది. ఎవరు ఎవరి పక్షమో పక్కన కాగితం మీద రాసుకుని చదివాను. కానీ ఆ బొమ్మలు! నల్ల సిరా కాదు, పాత ఫొటోల్లో ఉండే గోధుమ రంగు. చందమామలో చిత్రా గారి బొమ్మలకోసం నెలంతా కాచుకున్న వాళ్ళకు ఆ గాలి, ఎగిరే జుట్టు, మడతలు పడే బట్టలు చూస్తే ప్రాణం లేచి వస్తుంది. యుద్ధంలో రక్తమూ చావులూ ఉన్నాయి కనుక మరీ చిన్నపిల్లలకు వద్దు. పదో తరగతి కుర్రాడికి పరవాలేదు.

మా మనవడి ఓటు మాత్రం శవాలు లేచి నడిచే అమెరికా బొమ్మల కథ ‘ద వాకింగ్ డెడ్’కి. 2003 నుంచి 2019 దాకా 193 సంచికలు వచ్చి, ఇదే ఆఖరిదని ముందు చెప్పకుండా ఒక రోజు ముగిసిపోయిందట. వాడికి అదో గొప్ప. కొత్తవాళ్ళ నెత్తిన 193 పెట్టడం కంటే ఏడు పెట్టడం నయం.

ఏడు పుస్తకాలూ కొనాలంటే మధ్యతరగతికి కాస్త బరువే. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం కాబట్టి ఇలాంటివి జిల్లా గ్రంథాలయంలో ఉండాలని అడగడం తప్పు కాదు. గ్రంథాలయం వాళ్ళు కొనే వీలు లేదంటే ఒక సెట్టు నేనే ఇస్తాను. కాకపోతే బీరువాలో పెట్టి తాళం వెయ్యబోమని ముందు మాటివ్వాలి. నా మూడో పుస్తకం ఎదురింటి అమ్మాయి దగ్గరుంది, అది వచ్చే వారం తిరిగొస్తుంది.

– ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు, ఒంగోలు