ఏడాది ఫీజు ముందే కట్టడం పొదుపు కాదు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జిమ్ ఖర్చు తగ్గించుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఇంట్లో పెళ్లి పనుల వల్ల ఈ ఉత్తరం ఆలస్యమైంది. నెలనెలా కాకుండా ఏడాదికి ఒకేసారి కడితే బాగా ఆదా అవుతుందని, జనవరి ఆఫర్లలో చేరిపొమ్మని అందులో రాశారు. డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి అర్థశాస్త్రం చెప్పినవాణ్ని, ఇది చదివి ఊరుకోలేకపోయాను. జిమ్ వాళ్లు పంచే కరపత్రంలో ఉండాల్సిన మాట పత్రికలో పొదుపు సలహాగా రావడం ఏమిటి?

లెక్క చూడండి. నెలకు 1,500, ఏడాదికైతే 12,000 తీసుకునే జిమ్ ఒకటి ఉందనుకుందాం. ఏడాది పొడవునా వెళ్లేవాడికి 6,000 మిగులుతుంది, నిజమే. ఎనిమిది నెలల్లోపు మానేసేవాడికి మాత్రం నష్టమే. నాలుగు నెలలకే మానేస్తే నెలకు 3,000 కట్టినట్టు లెక్క. ఎంతమంది మానేస్తారన్నది జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి ఏ జిమ్‌లోకి తొంగిచూసినా తెలుస్తుంది. అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని లెక్కగట్టి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు నెలలో సగటున 4.3 సార్లే వెళ్లారు. వెళ్లిన ప్రతిసారికీ 17 డాలర్లకు పైగా పడింది. పదిసార్ల పాస్ కొనుక్కుని ఉంటే ఒక్కోసారికి 10 డాలర్లతో పోయేది. రేపటి నుంచి రోజూ వెళ్తాననే నమ్మకంతోనే అక్కడైనా ఇక్కడైనా మనిషి డబ్బు కడతాడు. ఆ నమ్మకం మీదే ఏడాది ప్యాకేజీల వ్యాపారం నడుస్తోంది.

మా మేనల్లుడు బ్యాంకు ఉద్యోగి. ఏడాది డబ్బు కట్టాక వేరే రాష్ట్రానికి బదిలీ అయింది. మిగిలిన నెలల డబ్బు ఇవ్వమంటే ఇవ్వలేదు. పోనీ వాడి బదులు వాళ్ల తమ్ముణ్ని రానివ్వమంటే అదీ కుదరదన్నారు. రసీదు వెనక కంటికి ఆనని అక్షరాల్లో అన్నీ రాసే ఉన్నాయట. డబ్బు కట్టించుకునేటప్పుడు మాత్రం ఆ వెనక వైపు ఎవరూ చూపించలేదు. ఇలాంటివి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ముందుగా డబ్బులు వసూలు చేసుకుని, కొన్నాళ్లకే షట్టరు దించేసి వెళ్లిపోయిన జిమ్‌ల గురించి మీ జిల్లా పేజీల్లోనే వార్తలు వస్తుంటాయి. అవి అచ్చువేసే పత్రికే ఏడాది డబ్బు ముందే కట్టేయమని ఎలా చెబుతుంది?

నిజంగా తగ్గాల్సిన డబ్బు మరొకటి ఉంది. దాని ఊసే మీ వ్యాసంలో లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 12,000 ఫీజుకు పాత పన్ను కలిపితే 14,160 అయ్యేది. ఇప్పుడు 12,600 కావాలి. ఏ ఆఫరూ అక్కర్లేకుండా 1,560 రూపాయలు మిగలాలి. మా వీధి చివరి జిమ్‌లో ఇదే అడిగితే, "మాది ట్యాక్స్‌తో కలిపే అంకుల్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పన్ను తగ్గకముందూ కలిపే, తగ్గాకా కలిపే, మొత్తం మాత్రం పైసా మారలేదు!

యజమానుల వైపు ఒక మాట ఉంది, చెప్పకపోతే అన్యాయం. 5 శాతం రేటు ఇచ్చినప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు. అద్దె మీద, మెషీన్ల మీద కట్టిన పన్నును వాళ్లు ఇప్పుడు సర్దుబాటు చేసుకోలేరు. కొంత భారం వాళ్ల మీద పడిన మాట వాస్తవం. అలాగని తగ్గిన పన్నంతా తమ దగ్గరే ఉంచేసుకుంటే ఎలా? అడగడానికి ఒక సంస్థ ఉండేది. పన్ను తగ్గింపును జనానికి అందించనివాళ్ల పని పట్టడానికి 2017లో జాతీయ స్థాయిలో ఒక అథారిటీని పెట్టారు. 2022 డిసెంబరులో ఆ పనిని కాంపిటీషన్ కమిషన్‌కు అప్పగించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడమే ఆపేశారు. ఆ తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే పన్ను తగ్గించారు. తగ్గించినందుకు ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. అందిందో లేదో చూసే నాథుడు లేడు.

మీ వ్యాసంలో ఉండాల్సినవి ఇలాంటి సంగతులు. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకపోతే జీఎస్టీ వసూలు చేసే హక్కు ఆ జిమ్‌కు లేదు. మన రాష్ట్రంలో ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉండే సేవల వ్యాపారం మామూలుగా రిజిస్టర్ చేయించుకోనక్కర్లేదు, అలాంటి చిన్న జిమ్‌లు కూడా "ప్లస్ ట్యాక్స్" అంటే అది ఎవరి జేబులోకి వెళ్తోందో అడగాలి. బిల్లు ఇవ్వననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మనం ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. చేరేముందు నెల ఫీజుతో రెండు మూడు నెలలు చూసుకుని, నిలబడగలమనిపిస్తే అప్పుడు మూడు నెలలకో ఆరు నెలలకో కట్టమని ఒక్క ముక్క రాసి ఉన్నా బాగుండేది.

అసలు డబ్బు కట్టే అవసరమే ఎందుకు రావాలి? మా వార్డు పార్కులో ఓపెన్ జిమ్ పెట్టారు. ప్రారంభం నాడు నాయకులు వరసగా ఎక్కి ఫొటోలు దిగారు. ఇప్పుడు నడిచే మెషీన్‌కు ఒక పెడల్ లేదు, భుజాలకు కసరత్తు చేసేదాని బోల్టులు ఊడిపోయాయి. తుప్పుపట్టిన ఇనుము గీసుకుని ఒక పిల్లవాడికి ధనుర్వాతం ఇంజక్షన్ వేయించాల్సి వచ్చింది. మున్సిపల్ కార్యాలయానికి వెళ్తే ఇంజినీరింగ్ సెక్షన్ అంటారు, అక్కడికి వెళ్తే కాంట్రాక్టరు గడువు అయిపోయిందంటారు. కొనడానికి నిధులు ఉంటాయి, బోల్టు బిగించడానికి మాత్రం ఉండవు. హైస్కూలు మైదానం ఉందిగా అంటే సాయంత్రం బడి వదలగానే గేటుకు తాళం వేస్తారు. పొద్దున ఆరింటికి ఆ తాళం తీయించడానికి ఎంతమంది అధికారుల కాళ్లు పట్టుకోవాలి?

మా ప్రాంతంలో ఒకప్పుడు పేటపేటకూ గరిడీ ఉండేది. దండీలు, బస్కీలు, కర్రసాము గురువు దగ్గర నేర్చుకునేవారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు వ్యాయామశాల నడిపింది విజయనగరంలోనే. 2000లో సిడ్నీ నుంచి పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి బరువులెత్తడం మొదలుపెట్టింది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో, ఏసీ జిమ్‌లో కాదు. అలాంటి చోట ఈ రోజు డిగ్రీ చదివే కుర్రాడు ఒళ్లు గట్టిపరుచుకోవాలంటే నాన్న జీతంలో నుంచి 12,000 ఒకేసారి తేవాలి. అది కట్టాక ప్రొటీన్ డబ్బా అంటారు, పర్సనల్ ట్రైనింగ్ అంటారు. లేనివాడు ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంటున్నాడు. యువత పాడైపోతోందని వేదికలెక్కి ఉపన్యాసాలిచ్చే పెద్దలు తమ వార్డు పార్కులోకి ఒకసారి వెళ్లి ఆ మెషీన్ల మీద చెయ్యి వేసి చూడాలని నా మనవి.

మీ విలేకరులను నేను కోరేది రెండు పనులు. ఒకటి, మన జిల్లా జిమ్‌లలో సెప్టెంబరు 22కు ముందు ఫీజు ఎంత, తర్వాత ఎంత అన్నది బిల్లులు చూసి పట్టిక వేయండి. రెండు, పట్టణ పార్కుల్లో ఎన్ని ఓపెన్ జిమ్‌లు పెట్టారో, వాటి మరమ్మతులకు ఈ ఏడాది ఎంత ఖర్చు చేశారో సమాచార హక్కు చట్టం కింద అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు ప్రచురించండి. మా పార్కు గురించి నేను ఇప్పటికే దరఖాస్తు పెట్టాను. జవాబు వస్తే మీకూ పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
ఉత్తరాంధ్ర